కార్యము ముగిసిన పిమ్మట మాటల రాకపోకలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో స్థాపననాటి కథ చెప్పుకొనుట ఆచారము. స్థలమిచ్చిన దాత ఎవరు, ఇటుకలు ఎవరి బండ్లపై వచ్చినవి, మొదటి బీరువా ఎవరు చేయించిరి, ప్రారంభోత్సవమునాడు ఎంత వాన కురిసినది—ఇవి ప్రతి సంచికలోను కనబడును, కనబడవలసినవే. కాని ప్రారంభోత్సవమునకు మరునాటి కథ ఏ సంచికలోను కనబడదు. పందిరి విప్పిన తరువాత, అంతవరకు రేయింబవళ్లు కలిసి పనిచేసినవారు ఒకరితో నొకరు ఏమి మాటలాడుకొనిరి? ఎన్నాళ్లు మాటలాడుకొనిరి? ఎప్పుడు మానివేసిరి? సంస్థ ఆయువు తేలునది ఆ కథలోనే గనుక నేటి ప్రసంగమునకు అదియే విషయము.

ఒక సంస్థను క్రొత్తగా నెలకొల్పునప్పుడు గాని, ఉన్నదానిని పెద్దగా మార్చునప్పుడు గాని లోపలివారి మధ్య మాటకు కొదువ యుండదు. ఎవరును ఏర్పాటు చేయకయే మాట నడచును. పనిచేయువారు కొద్దిమంది, రోజును కలిసికొందురు, అందరి యెదుట నున్న ప్రశ్న ఒక్కటియే. సున్నము రాలేదన్న సంగతి మధ్యాహ్నమునకే పదిమందికి తెలియును. పని ముగియగనే ఈ మూడు వసతులును ఒక్కసారిగా పోవును. ఎవరి పొలమునకు వారు, ఎవరి కొలువునకు వారు మరలుదురు. మాట ఆగిపోయినట్లు ఎవరికిని తోచదు. ఏలయన ఆగుటకు ముందు అది ఒక ఏర్పాటుగా ఎన్నడును లేదు. ఊరిలోని చెరువునకు నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదో చెరువు ఎండిన తరువాతనే గదా విచారింతురు!

ముందుగా నశించునది వార్త కాదు, కారణము. ఫలానా పుస్తకములు ఇంటికి ఇయ్యరాదన్న నియమము నిలిచియుండును. అది ఎందుకు పెట్టవలసివచ్చెనో ఎరిగినవారు కార్యవర్గము నుండి తప్పుకొందురు. అయిదారేండ్లకు ఆ నియమము క్రొత్త కార్యదర్శికి శాసనముగా కనబడును, క్రొత్త పాఠకునికి అహంకారముగా కనబడును. ఆనాడు నాలుగు పుస్తకములు పోయినందున పెట్టిన తాత్కాలికపు కట్టుబాటు అని చెప్పువారు లేరు గనుక ఇద్దరి నడుమ తగవు పెరుగును.

ఈ సంగతిని పరీక్షించుటకు ఆంధ్ర గ్రంథాలయోద్యమమును మించిన ఉదాహరణము తెలుగువారికి లేదు. విశాఖపట్టణమున 1886లో సరస్వతీ నిలయమును, హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయమును, బెజవాడలో 1911లో రామమోహన ధర్మ పుస్తక భాండాగారమును వెలసినవి. ఇవి ఒకదానికొకటి దూరముగా వెలిగిన దీపములు. ఒక ఊరివారు పడిన పాట్లు మరియొక ఊరివారికి తెలియుట అరుదు. 1914 ఏప్రిలులో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఆ సభలోనే పుట్టెను.

ఆ సంఘమునకు ధనబలము లేదు, అధికారబలము అసలే లేదు. ఏ ఊరి గ్రంథాలయమునైనను ఆజ్ఞాపించు హక్కు దానికి లేకుండెను. దానికున్నది మాటను చేరవేయు నేర్పు ఒక్కటియే. సంఘము నడపిన 'గ్రంథాలయ సర్వస్వము' అను పత్రికను ఈ దృష్టితో చూడవలెను. అందులో మహాసభల తీర్మానములతో పాటు చిన్న చిన్న ఊళ్ల గ్రంథాలయముల వృత్తాంతములును, పుస్తకముల నమరిక, గ్రంథాలయముల నిర్వహణ మొదలగువానిపై వ్యాసములును పడుచుండెను. ఒక ఊరి కార్యదర్శి పంపిన వార్త సంఘ కార్యాలయపు దస్త్రములో పడియుండక అచ్చయి తిరిగి అన్ని ఊళ్లకును చేరెడిది. పంపినవాడు తన ఊరి పేరు అచ్చులో చూచుకొనెడివాడు. ప్రక్క ఊరివాడు చూచి పోటీ పడెడివాడు. పత్రిక మధ్య మధ్య ఆగినది, మరల లేచినది. పత్రిక ఆగిన కాలములలో సంఘము మాట ఊళ్లకు చేరుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

పత్రిక చదువలేని వారికొరకు యాత్రలు చేసిరి. కార్యకర్తలు పాటలు పాడుచు ఊరూర తిరిగి, ఒక గ్రంథాలయము ముచ్చట మరియొక గ్రంథాలయమున చెప్పిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కాలువపై పడవ గ్రంథాలయమును నడపించిరి. పడవ పుస్తకములనే మోసినదని అందురు. పుస్తకములు పుచ్చుకొని మరునాడు తిరిగి యిచ్చునప్పుడు జనులు చెప్పిన మాటలను గూడ మోసియుండును గదా. ఏ పుస్తకము ఎవరికి నచ్చినదో, ఏది విప్పకుండ తిరిగివచ్చినదో ఎరుగుటకు అంతకంటె సులువైన దారి నేటి కంప్యూటరు యుగమునను కనబడదు.

తెలంగాణమున పరిస్థితి వేరు. నిజాము ప్రభుత్వమున సభ జరుపవలెనన్న అనుమతి కావలెను. బహిరంగ సభలను కట్టడి చేసిన 53వ గస్తీ నిషాన్ పేరు ఆనాటి కార్యకర్తలందరికిని ఎరుకయే. అట్టి చోట గ్రంథాలయమే సభాస్థలము, పఠనమందిరమే కార్యాలయము. వార్తాపత్రికను చదువు నెపమున పదిమంది కూడినప్పుడు అచ్చులో లేని వార్త గూడ అచ్చటనే చేతులు మారెడిది. ఆటంకములు హెచ్చుగా నున్నచోట మాట మరింత గట్టిగా నిలుచుట లోకములో తరచు కనబడును. ఆటంకములు తొలగిన పిమ్మటనే అసలు పరీక్ష.

ఆ పరీక్ష చట్టముల రూపమున వచ్చెను. మద్రాసు రాష్ట్రమున 1948లో గ్రంథాలయ చట్టము వచ్చెను. స్వతంత్ర భారతమున అట్టివానిలో మొదటిది అదియే. దాని వెనుక ఎస్. ఆర్. రంగనాథన్‌గారి కృషి లోకవిదితము. హైదరాబాదు రాష్ట్రమున 1955లో మరియొక చట్టము. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత రెండు ప్రాంతములకును కలిపి 1960లో ఒకే చట్టము చేసిరి. జిల్లా గ్రంథాలయ సంస్థలు నెలకొన్నవి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపు పన్ను వసూలు చేయుట శాసనబద్ధమయ్యెను. ఉద్యమము దశాబ్దముల తరబడి కోరినది ఇదియే. కోరిక తీరినది.

చట్టము వలన కలిగిన మేలును తక్కువచేసి మాటలాడుట అన్యాయము. విరాళములపై బ్రతికిన గ్రంథాలయమునకు నిలకడయైన ఆదాయము దొరికినది. గ్రంథపాలకునికి జీతము దొరికినది. దాతల మనసు మారినంత మాత్రమున తలుపు మూతపడదన్న భరోసా కలిగినది. ఇవన్నియు గొప్ప లాభములే. కాని లాభముతో పాటు మాట నడచు దిక్కు మారినది. పూర్వము ఊరినుండి ఊరికి అడ్డముగా నడచిన మాట ఇప్పుడు క్రిందినుండి మీదికి నిలువుగా నడువసాగెను. ఇంతమంది పాఠకులు వచ్చిరి, ఇన్ని పుస్తకములు ఇంటికి ఇచ్చితిమి, ఇంత పన్ను బకాయి యున్నది అని నెలనెల వ్రాసి పంపవలెను. పంపిన కాగితము జిల్లాలో లెక్కలలో చేరును. లెక్క అవసరమే. అయితే ఆ కాగితమునకు ప్రత్యుత్తరము లేదు. ఎక్కడనైనను పొరపాటున్నప్పుడు వచ్చు సంజాయిషీ తాఖీదును ప్రత్యుత్తరమనలేము. మన పెద్దలు ఉత్తర ప్రత్యుత్తరములని ఒకే మాటగా కలిపి పలికిరి. రెండవది పోయినప్పుడు మొదటిది గూడ ఉత్తరము కాదు, నివేదిక యగును. నివేదిక వ్రాయువానికి చెప్పవలెనన్న కోరిక యుండదు, తప్పించుకొనవలెనన్న జాగ్రత్త యుండును.

ఇది ప్రభుత్వపు దోషమని, బీదదేశపు లోపమని త్రోసివేయుటకు వీలులేదు. ధనమునకు గాని, విద్యకు గాని ఏమాత్రము లోటులేని ఒక సంస్థలో సరిగా ఇదియే జరిగినది. ఆ కథ దూరదేశపుదైనను మన ప్రశ్నకు సూటిగా తగులును గనుక కొంత విపులముగా చెప్పదగినది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అలబామా రాష్ట్రమందలి హంట్స్‌విల్ పట్టణమున 1960లో మార్షల్ అంతరిక్ష యాన కేంద్రము ఏర్పడెను. దాని మొదటి సంచాలకుడు జర్మనీనుండి వచ్చిన వెర్నర్ ఫాన్ బ్రౌన్. చంద్రునిపైకి మనుష్యులను పంపిన శాటర్న్ 5 రాకెట్టు ఆ కేంద్రము పర్యవేక్షణలోనే తయారైనది. హిట్లరు కాలమున ఖైదీల చాకిరితో తయారైన ఆయుధములతో ముడిపడిన ఆయన పూర్వచరిత్ర మెచ్చదగినది కాదు. ఇచ్చట ప్రస్తావించునది ఆయన ఉత్తరములు నడపిన తీరు మాత్రమే.

ఆయన సహచరుడు కర్ట్ డెబస్ దూరమున ఫ్లోరిడా తీరమందు ప్రయోగశాలల పని చూచుచుండగా, వారమునకొకసారి ఒక పుట చీటీ వ్రాసి పంపుమని ఫాన్ బ్రౌన్ కోరెను. ఆ చీటీలు ఆయనకెంతో ఉపకరించినవి. అంతట తక్కిన శాఖాధిపతులను గూడ, సుమారు రెండు డజన్లమందిని, ప్రతి సోమవారము అట్లే వ్రాయుమనెను. నియమములు అతి స్వల్పము: ఒక్క పుట మించరాదు, ఫారమంటూ లేదు, నడుమనున్న పై అధికారుల చేతులమీదుగా రానక్కరలేదు. ఆయన ఒక్కొక్క చీటీని చదివి అంచులో స్వహస్తముతో వ్రాసెడివాడు. ఒకచోట అభినందన, ఒకచోట సందేహము, మరియొకచోట ఈ చిక్కు ఫలానా శాఖవారికి గూడ కలిగినది, వారితో మాటలాడుము అను సలహా. పిమ్మట ఆ చీటీలన్నిటికిని, అంచులోని వ్రాతతో సహా, నకళ్లు తీయించి వ్రాసినవారందరికిని పంపించెడివాడు.

ఇందలి కీలకము నకళ్లలో నున్నది. ఒక శాఖాధిపతి తన లోపమును తానే వ్రాసికొనినచో దండన రాక సలహా వచ్చుట తక్కినవారందరు చూచిరి. పై వారము వారును లోపములను వ్రాసిరి. ఎవరేమి చేయుచున్నారో అందరికిని తెలిసినందున సమావేశములు లేకయే శాఖల నడుమ పని కలిసివచ్చెను. ఎవరును కోరని ఫలమొకటి గూడ కలిగెను. సోమవారమునాడు వ్రాయుటకు విషయము కావలెను గనుక శాఖాధిపతులు శుక్రవారమునాటికి తమ క్రిందివారిని అడుగసాగిరి. వారు తమ క్రిందివారిని అడిగిరి. ఒక్క పుట కాగితము సంస్థ అడుగుదాక వేళ్లు తన్నినది. ఆ కేంద్రమున 1967 ప్రాంతమున పనిచేసి దాని వ్యవహారమును పరిశీలించిన ఫిలిప్ టామ్‌ప్కిన్స్ ఈ వృత్తాంతమును వ్రాసియున్నాడు.

1969లో చంద్రునిపై కాలుమోపిరి. 1970లో ఫాన్ బ్రౌన్ వాషింగ్టనుకు వెడలెను. 1972తో చంద్రయాత్రలు ముగిసినవి. కేంద్రమున ఉద్యోగులను పెద్దసంఖ్యలో తగ్గించిరి; ఎవరి కొలువు ఉండునో ఎవరిది పోవునో తెలియనిచోట నోరు విప్పుట అంత సులభము కాదు. ఇక సోమవారపు చీటీల సంగతి. వానిని ఎవరును రద్దు చేయలేదు. తరువాతి సంచాలకుల కాలమునను వ్రాయుట సాగినది, కాని అంచులో వ్రాసెడి మారువ్రాత నిలిచిపోయినదని టామ్‌ప్కిన్స్ చెప్పెను. పని రద్దయినచో ఎవరైనను అడిగియుందురు. రూపము అట్లేయుండి ప్రాణము పోయినప్పుడు అడుగువారుండరు. ప్రతి సోమవారము చీటీలు బల్లమీదికి వచ్చుచునే యుండును గదా!

1986 జనవరి 28న చాలెంజర్ అను వ్యోమనౌక ఎగిరిన 73 సెకండ్లకే బ్రద్దలై ఏడుగురు మరణించిరి. దోషము పొడవైన ప్రక్క రాకెట్టులోని రబ్బరు వలయముది. ఆ రాకెట్ల బాధ్యత హంట్స్‌విల్ కేంద్రమునదే. చలిలో ఆ వలయము సరిగా పనిచేయకపోవచ్చునని, ప్రయోగము వలదని, ఆ రాకెట్లను తయారుచేసిన సంస్థయందలి ఇంజనీర్లు ముందటి రాత్రియే వాదించిరి. ఆ వాదము తుది నిర్ణయము చేయు అధికారుల చెవికి చేరలేదని విచారణ సంఘము తేల్చెను. అంచులో మారువ్రాత మానుటచేతనే ప్రమాదము జరిగినదని ఎవరును రుజువు చేయలేదు. అట్లనుట అతిశయోక్తి యగును. అయినను చెప్పవలసిన మాట ఎరిగినవారుండియు, వినవలసినవారుండియు, రెంటి నడుమ దారి పూడిపోయినదన్నది మాత్రము నిజము.

గ్రామ గ్రంథాలయమున ప్రాణాపాయము లేదు. నష్టము మెల్లగా కలుగును గనుక కంటికానదు. ఒక పాఠకురాలు ఒక పుస్తకము కావలెనని సూచనల పుస్తకములో వ్రాయును. రెండు నెలలకు మరల వచ్చి చూచును. కుడిప్రక్క 'తీసికొన్న చర్య' అను గడి ఖాళీగా నుండును. మూడవసారి ఆమె వ్రాయదు. ఆమె అలిగినదని ఎవరికిని తెలియదు, ఆమె అలుగలేదు గూడ. వ్రాసి లాభము లేదని గ్రహించినది, అంతే. ఆ పుస్తకము దొరకదు, ముద్రణలో లేదు, లేక ఈ యేటి సొమ్ము చాలదు అని ఒక్క పంక్తి వ్రాసియుండినచో ఆమె వేరొక పుస్తకము కోరెడిది. జనులు లేదన్న మాటకు నొచ్చుకొని దూరమగుదురని కార్యదర్శులు భయపడుదురు. అనుభవము వేరు. లేదన్న మాటను ఓర్చుకొందురు. ఏ మాటయు లేకపోవుటను ఓర్చుకొనరు.

లోపలివారు అనగా ఎవరన్న ప్రశ్న గూడ ఇచ్చట తీర్చుకొనవలెను. కార్యవర్గమును, గ్రంథపాలకుడును మాత్రమే లోపలివారని తలచుట వాడుక. మరి పిల్లలచేత పుస్తకము తెప్పించుకొని చదివి మరల పిల్లలచేతనే పంపించు స్త్రీలు? వారు గడప తొక్కరు, సభ్యత్వపు చిట్టాలో చాలచోట్ల భర్త పేరే యుండును, సూచనల పుస్తకము వారి కంట పడనే పడదు. ఊరిలో నవలలు చదువువారు తగ్గిరని కార్యవర్గము తీర్మానించుకొన్న సంవత్సరమున ఆ యిండ్లలో అడిగి చూచిన, క్రొత్త నవల రాక ఎన్నాళ్లయినదో నెలతో సహా చెప్పగలరు. పుస్తకము లోపల చిన్న చీటీ పెట్టి, నచ్చినదో లేదో, తరువాత ఏది కావలెనో వ్రాయుమని కోరుటకు ఖర్చు లేదు. వ్రాసిన చీటీకి మరుసటి పుస్తకములో సమాధానము పెట్టి పంపవలెను. అది మరచిన పక్షమున చీటీ పెట్టకుండుటయే మేలు.

కార్యవర్గము మారునప్పుడు తాళములు, నగదు, చిట్టాలు అప్పగింతురు. నియమముల కారణములను ఎవరును అప్పగింపరు. అప్పగింత దినమున పాత కార్యదర్శియు క్రొత్త కార్యదర్శియు ఒక పూట కూర్చుండి, ప్రతి నియమమునకు ఎదురుగా అది పుట్టిన సంవత్సరమును, హేతువును రెండు పంక్తులలో వ్రాసియుంచిన చాలును. హేతువు ఎవరికిని జ్ఞప్తికి రాని నియమమును ఆ దినముననే కొట్టివేయవచ్చును. సమావేశమున మినిట్సు చదువుట అన్నిచోట్లను జరుగును, కాని వడివడిగా, ఆమోదము కొరకు. క్రిందటి నెల ఎవరు ఏమి అడిగిరి, దానికి ఏమి చెప్పితిమి అన్న భాగమును మాత్రము నిదానముగా చదివించినచో సమావేశము కొంత సేపు పొడిగును, అంతకంటె నష్టము లేదు.

ఇప్పుడు ప్రతి సంఘమునకును వాట్సాప్ గుంపు కలదు గనుక ఈ బాధ తీరినదని కొందరనుకొందురు. గుంపులో ప్రొద్దున్నే పూల బొమ్మలతో శుభోదయములు కుప్పలుగా వచ్చును. గ్రంథాలయము సాయంకాలపు వేళ మారిన సంగతి మాత్రము తలుపు దగ్గరకు వచ్చి తాళము చూచిన పిమ్మట తెలియును. సాధనము వేగమైనదే. అడిగినవానికి సమాధానము చెప్పు బాధ్యత ఎవరిదన్నది తేల్చనిచో ఎంత వేగమైన సాధనమైనను ఖాళీ గడివంటిదే. పైగా ఆ గుంపులో నిన్నటి ప్రశ్న నేటికే పైకి జరిగి మరుగగును. కాగితముపై ప్రశ్న జవాబు వచ్చువరకు కదలక అచ్చటనే యుండును.

సమాధానము చెప్పువాడు ఒకడు ఉండవలెను, వారమునకు ఒక పూట దానికే కేటాయింపవలెను. గ్రంథపాలకునికి తీరిక లేనిచో కార్యవర్గ సభ్యులు నెలకొకరు వంతు వేసికొనవచ్చును. ఫాన్ బ్రౌన్ అంతటి పనిలో నుండియు రెండు డజన్ల చీటీల అంచులలో స్వయముగా వ్రాయగలిగెను. పల్లెటూరి సూచనల పుస్తకములో వారమునకు నాలుగు ప్రశ్నలు పడుట గొప్ప. ఆ పుస్తకము ఉండవలసిన చోటు గ్రంథపాలకుని సొరుగు కాదు. వార్తాపత్రికలు పరచియుండు బల్లమీద, దారముతో కట్టిన పెన్సిలుతో, ఎడమవైపు ప్రశ్నయు కుడివైపు సమాధానమును దాని క్రింద తేదీయు వచ్చినవారందరికిని కనబడునట్లు తెరచి యుంచవలెను.